ఇంధనమును నెట్టుడు, లాగకుడు

స్వహస్తములతో ఒక చిన్న విమానమును నిర్మించుకొనవలెనని సంకల్పించి, నక్షాలు తెప్పించుకొని, షెడ్డు వేసికొని, అల్యూమినియపు రేకులకు రివెట్లు కొట్టుట నేర్చుకొనిన మీరు, రెక్కల పొడవును గూర్చియు, ఇంజను బలమును గూర్చియు, తుదకు పైపూత రంగును గూర్చియు సైతము మాసముల తరబడి ఆలోచించి, ట్యాంకు నుండి కార్బ్యురేటరు వఱకు పోవు ఆ సన్నని గొట్టమును గూర్చి మాత్రము ఒక్క సాయంకాలములో నిర్ణయము చేసివేయుదురేమో యని నాకు దిగులు. ఇంటివద్ద నిర్మింపబడిన విమానములలో ఇంజను ఆకస్మికముగా ఆగిపోవుటకు గల ప్రధాన కారణములలో ఇంధనము సరిగా అందకపోవుట ఒకటి. ఇంజను నిక్షేపముగా నుండును, ట్యాంకులో పెట్రోలు నిండుగా నుండును, అయినను ఈ రెండింటి నడుమ దారి మూసుకొనిపోవును. ఇంత శ్రమపడి నిర్మించుకొన్న విమానము ఇంత అల్పకారణముచేత నేలబడుట న్యాయమా?

ఈ దిగులునకు మా ప్రాంతమున మఱొక హేతువు కూడ కలదు. కేతకీ సంగమేశ్వరస్వామి కోవెల గల ఈ ఝరాసంగము, జహీరాబాదునకు చేరువలో, సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున, ఎఱ్ఱనేల పీఠభూమిమీద నున్నది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును; నీడలేని చోట నిలిపిన లోహపు రెక్క మధ్యాహ్నమునకు చేయి పెట్టనీయదు. వాయవ్యమున బీదరు వైమానిక దళ స్థావరము నుండి లేచు శిక్షణ విమానములను చిన్ననాటి నుండి తలయెత్తి చూచుచు పెరిగిన యువకులు, ట్రాక్టరు కర్మాగారములో పనిచేసి చేతిపని నేర్చినవారు, ఇచ్చట ఎందఱో కలరు. వారిలో ఎవరికైనను విమానము కట్టవలెనను కోరిక పుట్టినచో అది గగనకుసుమమని నేననను. ముంబయిలో వృత్తిరీత్యా విమానచాలకుడైన అమోల్ యాదవ్ తమ యింటి మేడమీద ఆఱుగురు కూర్చొనదగిన విమానమును నిర్మింపగా, 2017లో పౌరవిమానయాన నియంత్రణ సంస్థయగు డీజీసీఏ దానిని నమోదు చేసినది. మీరును చేయగలరు. కాని మొదటి రివెటు కొట్టుటకు ముందే డీజీసీఏ నియమములను చదువుడు. వైమానిక స్థావరము ఇంత సమీపమున నుండగా అనుమతి లేక మన పొలముమీదుగా ఎగురుట చట్టవిరుద్ధమే కాక ప్రాణాంతకము కూడ. ఈ అధ్యాయములో నేను చెప్పబోవు పనులలో నూటికి తొంబది నేలమీద జరుగవలసినవే.

ట్యాంకునకు ఇంజనుకు నడుమ దారిని మూయు వేపర్ లాక్ అను పేరు మీరు మెకానికుల నోట వినియుందురు. అది యెట్లు కలుగునో తెలియుటకు పెద్ద శాస్త్రము చదువనక్కఱలేదు. మన రైతు వేసవిలో బావినీరు అడుగంటిన కొలది మోటారును తాళ్ళతో బావిలోనికి దింపును గాని గట్టుమీదనుంచి పీల్పింపడు. ఏల? పీల్చు గొట్టము పొడవైన కొలది అందలి పీడనము తగ్గిపోయి, ఫుట్‌వాల్వు దగ్గఱనో అతుకు దగ్గఱనో గాలి చొరబడి, మోటారు తిరుగుచునే యుండియు నీరు ఎక్కదు. పెట్రోలు విషయమున ఈ కష్టము రెండింతలు. ఏలయన దానికి బయటిగాలి అక్కఱలేదు, పీడనము తగ్గినను వేడి హెచ్చినను తానే ఆవిరియై తన దారికి తానే అడ్డుపడును. ద్రవమును నెట్టుటకై నిర్మింపబడిన పంపు ఆ ఆవిరిబుడగను నొక్కుచు వదలుచు ఊరక ఆడుచుండును. కొన్ని క్షణములలో కార్బ్యురేటరు గిన్నె ఎండిపోవును.

కొన్ని అంకెలను మాత్రము మనసున నిలుపుకొనుడు. ఝరాసంగములో గాలి పీడనము సుమారు 94 కిలోపాస్కలులు. 3000 మీటర్ల ఎత్తున అది 70 మాత్రమే. బంకులో దొరకు పెట్రోలునకు 38 డిగ్రీల వేడివద్ద ఆవిరి పీడనము సుమారు 60 ఉండును. విమానములకై తయారగు ఏవ్‌గ్యాస్‌నకు అది 38 నుండి 49 వఱకే యుండవలెనని నిబంధన. అదే బంకు పెట్రోలు 50 డిగ్రీలకు వేడెక్కినచో ఆవిరి పీడనము 80 దాటును. ఇక పెట్రోలును ఒక మీటరు ఎత్తునకు పీల్చుటకు 7 కిలోపాస్కలులు ఖర్చగును. ఫిల్టరు, వంపులు, వాల్వులు తమ వంతు తాము తీసికొనును. ఈ లెక్కను ఒక కాగితముమీద వేసి చూచినచో సంగతి స్పష్టమగును. ఎండలో కాగిన పెట్రోలుతో పైకి లేచి, త్వరగా ఎత్తునకు ఎక్కి, దానిని పంపుచేత పీల్పించినచో, అది మరుగకుండుట ఆశ్చర్యము గాని మరుగుట ఆశ్చర్యము కాదు.

అది ఏ వేళ దాపురించును? మీరు ఉదయము చల్లనివేళ ఎగిరి, పదునొకండు గంటలకు దిగి, ఇంజను ఆపి, చెట్టునీడకు పోయి టీ త్రాగి, ఇరువది నిమిషములకు మరల వచ్చితిరనుకొనుడు. ఆ ఇరువది నిమిషములలో ఏమి జరిగినది? ఇంజను ఆగినది గావున చల్లగాలి ఆగినది. సిలిండర్ల వేడి, ఎగ్జాస్టు గొట్టపు వేడి పైకి లేచి ఇంజనును కప్పు కౌలింగులోపలనే చిక్కుకొని, ఇంధన పంపును, గొట్టములను మెల్లగా కాచినది. ఇంజను నడచుచున్నప్పటి కన్న ఆపిన పిమ్మటనే అచ్చటి వేడి హెచ్చును. మీరు స్టార్టరు నొక్కగా గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంజను చక్కగా లేచును. టాక్సీ చేయునప్పుడు కొద్ది ఇంధనముతో సుఖముగా నడచును. పూర్తి త్రాటిలు ఇచ్చి నేల వదలిన పిమ్మట, అధిక ఇంధనము కావలసిన ఆ క్షణముననే, గొట్టములోని ఆవిరి పంపును చేరును. వంద మీటర్ల ఎత్తున, ముందు చెఱకు తోట, వెనుకకు మరలుటకు ఎత్తు చాలదు. వేపర్ లాక్‌ను గూర్చి నేనింత పట్టుబట్టి వ్రాయుటకు ఈ వేళయే కారణము.

భయపడవలదు. దీనికి మందు కాగితముమీద గీయు పటములోనే యున్నది. వరుసగా చెప్పెదను.

1. పంపును ట్యాంకు చెంత, ట్యాంకుకన్న దిగువ పెట్టుడు. ఈ అధ్యాయమునకు ఇది ప్రాణము. రెక్క క్రిందనున్న విమానములలో ట్యాంకు రెక్కలోను, ఇంజను దానికన్న పైనను ఉండును. అప్పుడు ఇంజనుకు బిగించిన యాంత్రిక పంపు ఒక్కటే యున్నచో, అది కౌలింగులోని వేడిలో కూర్చుండి, మీటరున్నర దూరమునుండి, దిగువనుండి, పీల్చవలెను. వేడి, ఎత్తు, పీల్పు మూడును ఒక్కచోట కూడినవి. ఎలక్ట్రిక్ బూస్టు పంపును రెక్క మొదట, ట్యాంకు అడుగుకన్న దిగువన అమర్చినచో, పెట్రోలు దాని బరువుచేతనే పంపులోనికి వచ్చును. పంపు దానిని పైకి నెట్టును. నెట్టబడిన గొట్టమంతటను పీడనము హెచ్చుగనుండును. పీడనము హెచ్చుగ నున్నచోట పెట్రోలు అంత సులభముగా మరుగదు. పంపు అదియే, పెట్రోలు అదియే, స్థలము మారినది.

రెక్క పైనున్న విమానము కట్టువారు, మాకు గురుత్వాకర్షణయే చాలును గదా, పంపు ఎందులకని అడుగుదురు. మీ కార్బ్యురేటరు ఏది? రోటాక్స్ 912 వంటి ఇంజనుకు కనీసము 0.15 బారు పీడనము కావలెను. అది 15 కిలోపాస్కలులు. పెట్రోలు బరువుచేతనే ఆ పీడనము రావలెనన్నచో ట్యాంకు రెండు మీటర్లకు మించిన ఎత్తున నుండవలెను. ఏ చిన్న విమానమునందు అంత ఎత్తు కలదు? పాత కాంటినెంటల్ ఇంజనులవలె స్వల్ప పీడనముతో తృప్తిపడు కార్బ్యురేటరైనచో కేవల గురుత్వాకర్షణ ఉత్తమమైన మార్గము. 1903లో రైటు సోదరుల విమానమునకు సైతము రెక్కల నడిమి కంబమునకు కట్టిన చిన్న ట్యాంకు నుండి పెట్రోలు తనంతట దిగెడిది.

2. గొట్టమును ఎక్కించి దించకుడు. ట్యాంకు నుండి పంపు వఱకు ఎడతెగక దిగవలెను. పంపు నుండి కార్బ్యురేటరు వఱకు ఎడతెగక ఎక్కవలెను. సీటు క్రిందనున్న ఒక అడ్డుకమ్మిని తప్పించుటకై గొట్టమును దాని మీదుగా ఎక్కించి మరల దించితిరా, ఆ మెట్టకడనే బుడగలు చేరి నిలువయుండును. కమ్మికి రంధ్రము చేయుట కష్టమైనచో కమ్మి క్రిందుగా పోనిండు.

3. వేడికి దూరము పాటింపుడు; పాటించితిమని నమ్మక, కొలిచి చూడుడు. ఎగ్జాస్టు గొట్టమునకు, ఇంధన గొట్టమునకు నడుమ వీలైనంత ఎడముంచి, ఎడము చాలనిచోట రేకు అడ్డుపెట్టుడు. కౌలింగులోని ప్రతి ఇంధన గొట్టమునకును ఫైర్‌స్లీవ్ తొడుగుడు. అది మంట నుండియు, కొంత వేడి నుండియు కాపాడును. యాంత్రిక పంపుమీదను, నీరు వడకట్టు గిన్నెమీదను ముందునుండి చల్లగాలి తగులునట్లు ఒక సన్నని గాలిగొట్టము పెట్టుడు. ఆ గిన్నెను కౌలింగు వెలుపల అమర్చుటకు వీలున్నచో అంతకన్న మేలు. పిమ్మట, వేడిని బట్టి శాశ్వతముగా రంగుమారు అంటింపు పట్టీలు దొరకును; పంపుమీద ఒకటి, గిన్నెమీద ఒకటి, కార్బ్యురేటరుకు చేరు గొట్టము చివర ఒకటి అంటించి, ఇంజను నడిపి, ఆపి, అరగంట తర్వాత కౌలింగు విప్పి చూడుడు. ఏ పట్టీలో ఏ గడి నల్లబడినదో అదియే మీ విమానపు సత్యము. ఊహలు దానిముందు నిలువవు.

4. ఎల్బోలు తగ్గింపుడు. తొంబది డిగ్రీల ఎల్బో ఒక్కొక్కటి పీల్పు ప్రక్కన కొంత పీడనమును మ్రింగును. వెడల్పు వంపు తిప్పిన గొట్టము దానికన్న చౌక, తేలిక, మేలు.

5. సన్నని ఫిల్టరును పంపునకు ముందు పెట్టకుడు. పంపును కాపాడవలెనను సదుద్దేశముతో చాలమంది దట్టమైన ఫిల్టరును ట్యాంకునకు పంపునకు నడుమ బిగింతురు. కొత్త ట్యాంకులో నిర్మాణకాలపు లోహపుపొడి, సీలెంటు తునకలు మొదటి గంటలలో తప్పక వచ్చును. ఫిల్టరు సగము మూసుకొనిన పిమ్మట పంపు మఱింత బలముగా లాగును, లాగిన కొలది పీడనము తగ్గును, తగ్గిన కొలది పెట్రోలు మరుగును. ట్యాంకులోపల పెద్ద కన్నుల జాలి యొకటి, పంపునకు తర్వాత సన్నని ఫిల్టరు ఒకటి, అంతే చాలును. మొదటి పదిగంటలలో ఆ రెండింటిని పలుమాఱు విప్పి కడుగుడు.

6. ఆవిరికి బయటపడు దారి నిండు. ఎంత జాగ్రత్తపడినను కొంత ఆవిరి పుట్టకమానదు. కార్బ్యురేటరు చెంతనుండి ట్యాంకునకు ఒక తిరుగు గొట్టమును, అందులో సన్నరంధ్రము గల ఇఱుకు అతుకును పెట్టినచో, పెట్రోలు ఎల్లప్పుడు కొంత ప్రవహించుచునే యుండి, బుడగలు దానివెంట ట్యాంకునకు మరలిపోవును. వేడెక్కిన పెట్రోలు ఒక్కచోట నిలిచి కాగదు. రోటాక్స్ వారు తమ ఇంజనుకు దీనిని విధిగా చెప్పిరి. అయితే ఒక పొరపాటు మాటిమాటికి కనబడును. ఎడమ, కుడి అని రెండు ట్యాంకులున్నవి. తిరుగు గొట్టమును సులభమని ఎడమ ట్యాంకునకే కలిపితిరి. ఒకనాడు రెండును నిండుగా నుండగా కుడి ట్యాంకు తెరచి ఎగిరితిరి. తిరిగివచ్చు పెట్రోలు నిండిన ఎడమ ట్యాంకులో పట్టక, గాలిగొట్టముగుండ ఆకాశములోనికి పోవును! కుడి ట్యాంకు లెక్కకన్న ముందే ఖాళీయగును, మీ చేతిలోని లెక్క తప్పును. తీసిన ట్యాంకునకే తిరిగి పంపు జోడు సెలెక్టరు వాల్వును కొనుడు. ఖరీదు ఎక్కువయే; అయినను కొనుడు.

7. ట్యాంకు గాలిగొట్టమును చిన్నచూపు చూడకుడు. పెట్రోలు పోయినంత మేర గాలి లోనికి రాకున్నచో ట్యాంకులో పీడనము తగ్గి, పైన చెప్పిన శ్రమయంతయు వృథా యగును. గొట్టపు మూతి ఎదురుగాలికి అభిముఖముగా నున్నచో కొంత పీడనము అదనముగా లభించును. వెనుకకు తిరిగినచో గాలి ట్యాంకునుండియే పీల్చును. మన షెడ్లలో మట్టిగూడు కట్టు కందిరీగ యొకటి కలదు. దానికి వ్రేలు పట్టునంత రంధ్రమున్న చాలును, రెండు దినములలో తడిమట్టి తెచ్చి, లోపల పురుగుల నుంచి, మూతి నున్నగా మెత్తిపోవును. బయటనుండి చూచువారికి గొట్టమునకు ఎఱ్ఱని బిరడా బిగించినట్లే యుండును. విమానము నిలిపినప్పుడు పొడవైన ఎఱ్ఱపట్టీ కట్టిన తొడుగు వేయుడు, ఎగురుటకు ముందు తీయుడు, తీసిన పిమ్మట నోటితో మెల్లగా ఊది చూడుడు.

ఇక ఏ పెట్రోలు పోయుదురు? మన రహదారి బంకులలో నేడు దొరకునది ఇరువది శాతము వఱకు ఇథనాలు కలిసినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. కొన్ని రబ్బరు సీళ్ళను, ఫైబరుగ్లాసు ట్యాంకుల రెసినును మెత్తబఱచును. రోటాక్స్ 912 తయారీదారులు పది శాతము వఱకే అంగీకరించిరి. కావున బంకు పెట్రోలు చౌకయని తొందరపడుట మన దేశమున ఇప్పుడు తగదు. ఇండియన్ ఆయిల్ సంస్థ 2022 నుండి స్వదేశముననే ఏవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ తయారు చేయుచున్నది. దాని ఆవిరి పీడనము తక్కువ, నాణ్యత నిలకడ. అందు సీసముండుటచేత రోటాక్స్ వాడువారు నూనెను త్వరత్వరగా మార్చవలసివచ్చును, అంతియే. పెట్రోలులో ఇథనాలు కలదో లేదో తెలిసికొనుటకు గీతలున్న పొడవైన గాజుగొట్టములో 10 మిల్లీలీటర్ల నీరు, దానిపై 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూతపెట్టి బాగుగా కదిపి, నిలువనిచ్చి చూడుడు. అడుగునీటి మట్టము 10 గీతవద్దనే నిలిచెనా, ఇథనాలు లేదు. పైకి జరిగెనా, ఆ జరిగినది ఇథనాలే. అది నీటితో కలిసి అడుగునకు దిగినది.

ఇంత చేసినవారు సైతము పరీక్షవద్ద తొందరపడుదురు. పరీక్షలు రెండు.

మొదటిది ప్రవాహ పరీక్ష. వెనుకచక్రమును గుంటలోనికి దింపియో, ముందుచక్రమును దిమ్మెలమీది కెక్కించియో, మీ విమానము పైకెక్కునప్పటి కోణముకన్న ఐదు డిగ్రీలు అధికముగా ముక్కును లేపి, గట్టిగా బంధింపుడు. ట్యాంకులో కొద్దిపాటి పెట్రోలు మాత్రమే యుంచుడు. కార్బ్యురేటరు చెంత గొట్టమును విప్పి, దాని చివరను కార్బ్యురేటరు ఎత్తుననే నిలిపి, గీతలున్న లోహపాత్రలోనికి పెట్రోలును వదలి, ఒక లీటరు నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో చూడుడు. అమెరికా నియమములలో చిన్న విమానములకు 2017 వఱకు చిరకాలముగా నుండిన కొలత యేదనగా, పంపుచేత నడచు వ్యవస్థ ఇంజనునకు గరిష్ఠముగా కావలసినదానిలో 125 శాతమును, గురుత్వాకర్షణచే నడచునది 150 శాతమును ఇవ్వగలిగియుండవలెను. 100 అశ్వశక్తుల రోటాక్స్ 912 నేల వదలునప్పుడు గంటకు 27 లీటర్లు త్రాగును. అనగా పంపుతోనైనచో లీటరునకు 106 సెకండ్లు, గురుత్వాకర్షణతో నడచు వ్యవస్థకు ఇంతే ఖర్చు గల ఇంజనుతో 88 సెకండ్లు మించరాదు. ఎలక్ట్రిక్ పంపు ఒక్కటే పనిచేయునప్పుడును, యాంత్రిక పంపు ఒక్కటే పనిచేయునప్పుడును వేర్వేరుగా ఆ మేర అందవలెను. ఒకటి చెడినప్పుడు రెండవది ఆదుకొనునని మీరు నమ్ముచున్నారు గదా, ఆ నమ్మకమునకు ఆధారమేది? తిరుగు గొట్టముగుండ పోయినదానిని లెక్కలో చేర్చకుడు. పెట్రోలు ఆగిపోవువఱకు వదలి, ట్యాంకులో మిగిలినదానిని కొలిచి, అది వాడుకకు రాని పెట్రోలని గేజి ప్రక్కన వ్రాసియుంచుడు. ఈ పని చేయుచున్నంతసేపు పాత్రను విమానమునకు తీగతో కలిపి, మంటనార్పు యంత్రమును చేతికందునంత దూరమున నుంచి, సిగరెట్టు కాల్చువానిని మీ మిత్రుడైనను సరే ఆవలికి పంపుడు.

రెండవది ఎండ పరీక్ష. ఇది మా ప్రాంతపువారికి దైవము సమకూర్చిన సదుపాయము. పై నియమములలోనే వేడిదినపు పరీక్షకు పెట్రోలు 110 ఫారెన్‌హీట్ డిగ్రీలకు, అనగా 43 సెంటీగ్రేడ్ డిగ్రీలకు తగ్గక యుండవలెనని చెప్పబడినది. చల్లని దేశములవారు దానికై పెట్రోలును కాచుకొనవలెను. ఝరాసంగములో మే నెల మధ్యాహ్నము రెండు గంటలకు విమానమును బయలున నిలిపిన చాలును. ట్యాంకులో ఉష్ణమాపకము ముంచి 43 డిగ్రీలు చేరువఱకు వేచియుండుడు. విమానమును తోకయందును చక్రములయందును బలముగా కట్టివేసి, ఇంజను నడిపి, నూనె వేడి పూర్తిగా ఎక్కిన పిమ్మట ఆపుడు. ఇరువది నిమిషములు కౌలింగు విప్పక, గాలి ఆడనీయక అట్లే యుంచి, మరల స్టార్టు చేసి, వెంటనే పూర్తి త్రాటిలుతో రెండు నిమిషములు నడుపుడు. కన్ను ఇంధన పీడనపు ముల్లుమీద నుంచుడు. ముల్లు నిలుకడగా నిలిచినచో మీ వ్యవస్థ మంచిది. అది వణకినను, దిగి మరల లేచినను, ఇంజను ఆగకపోయినను, పరీక్ష తప్పినట్లే యెంచుకొనుడు. పిమ్మట బూస్టు పంపు ఆపి మరల ఇదంతయు చేయుడు.

ముల్లు వణకినప్పుడు సాధారణముగా ఏమి చేయుదురో తెలియునా? ఇంజను ప్రక్కనున్న పంపును తీసివేసి అంతకన్న పెద్దదానిని బిగింతురు. పెద్ద పంపు మఱింత బలముగా పీల్చును, పీల్చిన కొలది బుడగలు హెచ్చును, రోగము ముదురును. ముల్లు వణకెనా, పంపు కొనుటకు పోవలదు; పటమువద్దకు మరలి, పీల్పు ఎక్కడ, వేడి ఎక్కడ, మెట్ట ఎక్కడ అని ట్యాంకునుండి వ్రేలుపెట్టి వెదకుకొని రండు. ఒకమాఱు ఒక్క మార్పే చేసి మరల పరీక్షింపుడు. ఒకేసారి నాలుగు మార్చినచో ఏది మేలు చేసెనో ఎన్నటికిని తెలియదు.

ఆకాశములో చేయవలసినది కొంచెమే. లేచునప్పుడును దిగునప్పుడును బూస్టు పంపు నడచుచుండవలెను. ఏ ట్యాంకుతో లేవదలచితిరో ఆ ట్యాంకుతోనే టాక్సీ చేసి, ఇంజను పరీక్షింపుడు. రన్‌వే మొదట నిలిచి చివరి క్షణమున ట్యాంకు మార్చుట ప్రమాదము. పైన ముల్లు వణకినచో, పంపు వేసి, ముక్కు దించి, త్రాటిలు తగ్గించి, రెండవ ట్యాంకు తెరచి, దగ్గఱనున్న చోట దిగుడు.

చివరగా సెలెక్టరు వాల్వును గూర్చి. 1997 అక్టోబరు 12న అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున, మాంటెరే విమానాశ్రయమునుండి లేచిన ఒక లాంగ్-ఈజీ విమానము పసిఫిక్ సముద్రములో పడి, సుప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ మరణించెను. ఆ విమానము బర్ట్ రూటాన్ రచించిన నక్షా ప్రకారము ఇంటివద్ద నిర్మింపబడినది. డెన్వర్ దానిని నిర్మించినవాడు కాడు, అంతకు కొద్దికాలము ముందే కొన్నవాడు. నక్షాలో సెలెక్టరు చాలకుని కాళ్ళనడుమ, కంటియెదుట నుండవలెను. నిర్మించినవారు కూర్చుండుచోట పెట్రోలు గొట్టములు రాకుండ చేయవలెనను తలంపుతో దానిని చాలకుని ఎడమ భుజము వెనుకకు మార్చిరి. దాని పిడికి గుర్తులు లేవు. పెట్రోలు మట్టము చూపు గాజుగొట్టములకు సైతము గుర్తులు లేవు. ట్యాంకు మార్చుటకై వెనుకకు తిరుగుటలో దృష్టి మరలి, కాలు కుడి రడ్డరును త్రొక్కుటచే విమానము వశము తప్పినదని దర్యాప్తు చేసిన సంస్థ నిర్ణయించెను. నిర్మాతల ఉద్దేశము మంచిదే. కాని ఒక వాల్వును దాని చోటునుండి జరుపుటచేత, ఆ నిర్ణయమున ఏ పాత్రయు లేని మఱొకడు ప్రాణము గోల్పోయెను. కావున నిరూపితమైన నక్షాను మార్చుటకు మీ చేయి లేచినప్పుడెల్ల, ఈ మార్పును గూర్చి ఏమియు తెలియని మనుష్యుడొకడు ఈ సీటులో ఒక్కడే కూర్చుండి, పట్టీ బిగించుకొని, కన్నులు రన్‌వేమీద నిలిపి ఈ పిడిని వెదకునపుడు అది అతని చేతికందునా యని ప్రశ్నించుకొనుడు. మీరే పట్టీ బిగించుకొని, కన్నులు మూసికొని, పిడిని త్రిప్పి చూడుడు. అందకున్నచో మరల నక్షాకు రండు.

మీ విమానమును ఒకనాడు మఱొకరు కొనవచ్చును. ట్యాంకు నుండి కార్బ్యురేటరు వఱకు గల ప్రతి అతుకును, వాల్వును, ఫిల్టరును చూపు పటమొకటి గీసి, ప్రవాహ పరీక్షలో వచ్చిన సెకండ్లను, ఎండ పరీక్ష నాటి తేదీని, పెట్రోలు వేడిని, ముల్లు నడచిన తీరును దానిక్రింద వ్రాసి, సంతకముచేసి, ఈ వారములోనే లాగ్‌బుక్కు మొదటి పుటకు అంటింపుడు.